ఇంగ్లండ్‌లో కేర్ హోమ్ ఖర్చు: నాన్నగారి ఇల్లు, హైదరాబాద్ ఫ్లాట్, కౌన్సిల్ లెక్క

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు ముందు చెబుతాను. మీ నాన్నగారికి 82 ఏళ్లు. 1970లలో ఇంగ్లండ్ వచ్చి ఎన్‌హెచ్ఎస్‌లో, అంటే బ్రిటన్ ప్రభుత్వ వైద్య సేవలో, డాక్టరుగా పనిచేసి రిటైరై, బ్రిటిష్ పౌరుడిగా మిడ్‌లాండ్స్‌లో స్థిరపడ్డారు. డిమెన్షియా ముదిరి ఇప్పుడు ఆసుపత్రిలో ఉన్నారు. ఇక ఇంటికి పంపడం కుదరదని, శాశ్వతంగా కేర్ హోమ్‌లో ఉంచవలసిందేనని సోషల్ వర్కర్ చెప్పారు. అమ్మానాన్నల పేర్ల మీద ఉమ్మడిగా ఒక ఇల్లుంది. అందులో అమ్మగారు ఉంటున్నారు. ఉమ్మడి ఖాతాలో 60,000 పౌండ్లు ఉన్నాయి. నాన్నగారి ఒక్కరి పేరున హైదరాబాద్‌లో ఫ్లాట్ ఉంది. తెనాలి దగ్గర బాబాయిగారితో ఇంకా పంపకం కాని ఉమ్మడి పొలం రెండెకరాలు ఉంది. ఇల్లు పోతుందా, ఇండియా ఆస్తి లెక్కలోకి వస్తుందా, ఇప్పుడే ఫ్లాట్‌ను మనవడి పేరున రాసేస్తే ఏమవుతుంది, పిల్లలం మేము చెల్లించాలా అన్నవి మీ నాలుగు ప్రశ్నలు.

ఒక కౌన్సిల్‌లో, అంటే స్థానిక ప్రభుత్వ సంస్థలో, ఆర్థిక మదింపు విభాగంలో చాలా ఏళ్లు పనిచేసి, ఆ తర్వాత ఇదే విషయంలో కుటుంబాలకు సలహాలు ఇస్తున్న అనుభవంతో జవాబు రాస్తున్నాను. నేను చూసిన తెలుగు కుటుంబాల్లో ఎక్కువమంది ఒకే చోట దెబ్బతిన్నారు. మనం ఆస్తిని కుటుంబానిదిగా చూస్తాం. నాన్న డబ్బు, అమ్మ డబ్బు, కొడుకు డబ్బు అని విడదీసి మాట్లాడడమే మనకు ఇబ్బందిగా ఉంటుంది. ఇక్కడి నిబంధనలు మాత్రం కుటుంబాన్ని చూడవు, సంరక్షణ పొందుతున్న ఆ ఒక్క మనిషినే చూస్తాయి. మీకు రక్షణ దొరికేదీ చిక్కు వచ్చేదీ ఈ ఒక్క సూత్రం నుంచే.

అయితే డబ్బు మాట కంటే ముందు అడగవలసినది మరొకటి ఉంది. మీ నాన్నగారి అవసరం ప్రధానంగా ఆరోగ్యపరమైనదా, లేక సామాజిక సంరక్షణకు సంబంధించినదా అన్న ప్రశ్న తేలకుండా కౌన్సిల్ లెక్కకు కూర్చోకండి. ఆరోగ్య అవసరమే ప్రధానమని తేలితే కేర్ హోమ్ ఖర్చు మొత్తం, గది అద్దె, భోజనం సహా, ఎన్‌హెచ్ఎస్ భరిస్తుంది. దీన్ని ఎన్‌హెచ్ఎస్ కంటిన్యూయింగ్ హెల్త్‌కేర్ అంటారు. దీనికి ఆస్తితోగానీ ఆదాయంతోగానీ నిమిత్తం లేదు. కౌన్సిళ్లు తమ పరిధికి మించిన నర్సింగ్ బాధ్యతను తలకెత్తుకుని, ఆ ఖర్చును రోగి చేత కట్టించడం చట్టవిరుద్ధమని 1999లో కోగ్లన్ కేసులో అప్పీలు కోర్టు తేల్చింది. నేటికీ ఈ వాదానికి పునాది ఆ తీర్పే. మొదట ఒక చెక్‌లిస్ట్ నింపుతారు. అది దాటితే వివిధ వృత్తుల వారు కలిసి 12 అంశాల మీద పూర్తి మదింపు చేస్తారు. శ్వాస, పోషణ, మలమూత్ర నియంత్రణ, చర్మం, కదలిక, భాషణ, మానసిక స్థితి, జ్ఞాపకశక్తి, ప్రవర్తన, మందులు, స్పృహలో మార్పులు, ఇతర అవసరాలు అన్నవి ఆ అంశాలు.

డిమెన్షియా అన్న పేరుతోనే ఇది రాదు. వచ్చేది ఎక్కువగా ప్రవర్తన, జ్ఞాపకశక్తి, మందులు అన్న అంశాల తీవ్రతను బట్టి. అందుకే వార్డు నోట్సులో ఏం రాసి ఉందో చూడండి. రాత్రుళ్లు లేచి తిరగడం, మందులు ఉమ్మేయడం, సంరక్షకులను తోసివేయడం వంటివి తేదీలతో సహా మీరే రాసి పెట్టుకోండి. మరొక సంగతి మీ విషయంలో ప్రత్యేకం. యాభై ఏళ్లు ఇంగ్లీషులో వైద్యం చేసిన ఆయన ఇప్పుడు తెలుగు తప్ప మాట్లాడడం లేదని మీరు రాశారు. డిమెన్షియాలో తర్వాత నేర్చిన భాష ముందు జారిపోవడం మన పెద్దవారిలో తరచుగా కనిపిస్తుంది. నొప్పి ఉందో లేదో ఆయన చెప్పలేకపోవడం, చెప్పినా సిబ్బందికి అర్థం కాకపోవడం భాషణ అన్న అంశం కింద నమోదు కావాలి. మదింపు సమావేశానికి మీరు వెళ్లండి, దుబాసీని ఏర్పాటు చేయమని ముందుగానే కోరండి. ఇంగ్లండ్‌లో ఇప్పుడు ఈ పూర్తి మదింపు సాధారణంగా ఆసుపత్రి నుంచి పంపిన తర్వాతే జరుగుతుంది కనుక, చెక్‌లిస్ట్ ఎప్పుడు, ఎవరు చేస్తారో పంపేలోపే రాతపూర్వకంగా అడిగి ఉంచుకోండి. ఇది దక్కకపోయినా నర్సింగ్ సౌకర్యం ఉన్న హోమ్‌లో చేరి, రిజిస్టర్డ్ నర్సు సంరక్షణ అవసరమని తేలితే నర్సింగ్ ఖర్చు కింద ఎన్‌హెచ్ఎస్ వారానికి 254.06 పౌండ్లు (2025-26లో) నేరుగా హోమ్‌కు చెల్లిస్తుంది.

ఇక కౌన్సిల్ నిబంధనలు. ప్రభుత్వం ఏర్పాటు చేసే నివాస సంరక్షణకు మనిషి తన స్తోమతను బట్టి చెల్లించాలన్న సూత్రం 1948 నాటి నేషనల్ అసిస్టెన్స్ చట్టంతో మొదలైంది. పాత పేదల శరణాలయాల స్థానంలో స్థానిక సంస్థలు వృద్ధులకు వసతి ఇవ్వాలని, పెద్దవారు 26 షిల్లింగుల పింఛనులో 21 షిల్లింగులు వసతికి కట్టి, 5 షిల్లింగులు చేతిఖర్చుకు ఉంచుకోవాలని అప్పుడు నిర్ణయించారు. ధర్మానికి పడి ఉన్నానన్న భావన లేకుండా, అద్దె కట్టి ఉంటున్నానన్న గౌరవం మనిషికి ఉండాలన్నది అప్పటి ఉద్దేశం. ఆ చేతిఖర్చు సూత్రం నేటికీ ఉంది. 2025-26లో అది వారానికి 30.65 పౌండ్లు. దాన్ని కౌన్సిల్‌గానీ హోమ్‌గానీ ముట్టుకోవడానికి లేదు. 1948 చట్టాన్నీ, దాని కింద వచ్చిన 1992 నాటి మదింపు నిబంధనలనూ తొలగించి, 2015 ఏప్రిల్ నుంచి 2014 కేర్ చట్టం, దాని కింద చేసిన ఛార్జింగ్ నిబంధనలు, ప్రభుత్వ మార్గదర్శకాలు అమలులో ఉన్నాయి. మీకు ఎవరైనా పాత పేర్లతో సలహా ఇస్తే అది కాలం చెల్లిన సలహా అని గ్రహించండి.

ఈ నిబంధనల ప్రకారం ఒక మనిషి మూలధనం, అంటే పొదుపు, ఆస్తుల విలువ, 23,250 పౌండ్లకు మించితే కేర్ హోమ్ ఖర్చు మొత్తం ఆయనే పెట్టుకోవాలి. 14,250కు లోపు ఉంటే మూలధనాన్ని అసలు లెక్కించరు. ఈ రెండింటి మధ్య ఉంటే, 14,250కు పైన ప్రతి 250 పౌండ్లకు లేదా అందులో భాగానికి వారానికి ఒక పౌండు ఆదాయం వస్తున్నట్టు ఊహించి లెక్క కడతారు. ఈ పరిమితులు 2010 నుంచి ఒక్క పౌండు కూడా పెరగలేదు. వారానికి వెయ్యి పౌండ్లు దాటిన హోమ్‌లు ఎన్నో ఉన్న రోజుల్లో ఇది పెద్ద అన్యాయమని నా అభిప్రాయం. 2011లో ప్రభుత్వం ఈ ఖర్చుల మీద వేసిన డిల్నాట్ కమిషన్ జీవితకాల ఖర్చుకు ఒక గరిష్ఠ పరిమితి ఉండాలని చెప్పింది. 72,000 పౌండ్ల పరిమితి 2016లో వస్తుందన్నారు, రాలేదు. 86,000 పరిమితి 2023 అక్టోబరులో వస్తుందన్నారు, 2025కు వాయిదా వేశారు, 2024 జూలైలో కొత్త ప్రభుత్వం దాన్ని పూర్తిగా రద్దు చేసింది. కనుక మీ ఖర్చుకు ఒక హద్దు ఉందని చెప్పే పాత వ్యాసాలు చదివి ధైర్యపడకండి. ఈ అంకెలు ఇంగ్లండ్‌వి మాత్రమే. వేల్స్‌లో పరిమితి 50,000 పౌండ్లు. స్కాట్లండ్‌లో 2002 నుంచి వ్యక్తిగత సంరక్షణకు వేరే పద్ధతి ఉంది. అక్కడి బంధువుల అనుభవం మీకు వర్తించదు.

మొదటి ప్రశ్న, ఇల్లు. అమ్మగారు ఆ ఇంట్లో ఉన్నంతకాలం ఇంటి విలువను నాన్నగారి మూలధనంగా చూడరు. ఇది కౌన్సిల్ దయ కాదు, నిబంధన. భార్య లేదా భర్త, 60 ఏళ్లు దాటిన బంధువు, వైకల్యం ఉన్న బంధువు, 18 ఏళ్ల లోపు బిడ్డ ఆ ఇంటినే తమ ప్రధాన నివాసంగా చేసుకుని, మనిషి హోమ్‌కు వెళ్లకముందు నుంచీ ఉంటుంటే ఆ ఇంటిని పక్కన పెట్టి తీరాలి. కాబట్టి ఇల్లు అమ్మాలన్న మాట మీ ఇంట్లో ఎవరు ఎత్తినా అక్కడే ఆపండి.

కానీ అమ్మగారి తర్వాత ఏమవుతుందన్నది ఇప్పుడే ఆలోచించాలి. ఇల్లు ఇద్దరి పేరునా అవిభక్తంగా ఉంటే, ఒకరు పోగానే మొత్తం మిగిలిన వారికి సంక్రమిస్తుంది. నాన్నగారి కంటే అమ్మగారు ముందు పోతే ఇల్లంతా నాన్నగారిదై, ఆ మొత్తం విలువ ఆయన కేర్ హోమ్ ఖర్చు లెక్కలోకి వస్తుంది. అమ్మగారు సొలిసిటర్ దగ్గరకు వెళ్లి ఉమ్మడి యాజమాన్యాన్ని విడివిడి వాటాలుగా మార్పించుకుని, తన సగాన్ని మీకో మనవళ్లకో వీలునామా రాయవచ్చు. అది ఆమె ఆస్తి, ఆమె ఇష్టం. నాన్నగారు తన ఆస్తిని వదిలించుకున్నట్టు అవదు. అన్ని కుటుంబాలకూ నేను మొదట చెప్పే పని ఇదే. ఇక అమ్మగారికి ఇల్లు పెద్దదై చిన్న ఇంటికి మారాలనిపిస్తే, అమ్మకంలో వచ్చే నాన్నగారి సగంలో కొంత ఆ కొత్త ఇంటికి వాడుకోవడాన్ని కౌన్సిల్ తన విచక్షణతో అంగీకరించవచ్చు. కానీ అమ్మకముందే రాతపూర్వకంగా అడగాలి. అమ్మిన తర్వాత అడిగితే నాన్నగారి సగం నగదుగా బ్యాంకులో కనిపిస్తుంది, అప్పుడు వాదించడం కష్టం.

ఉమ్మడి ఖాతా సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ ఇందులో అమ్మగారికి నిజమైన నష్టం దాగి ఉంది. ఉమ్మడి నగదును సగం సగంగా చూస్తారు కనుక నాన్నగారి వాటా 30,000. ఆయన 6,750 ఖర్చు పెడితే 23,250కు దిగుతారు. కానీ డబ్బు ఉమ్మడి ఖాతాలోనే ఉంచి హోమ్‌కు కడుతూ పోతే, ఆయన సగం 23,250కు దిగాలంటే ఖాతా మొత్తం 46,500కు దిగాలి. అంటే 13,500 ఖర్చవ్వాలి, అందులో సగం అమ్మగారిది. ఈ వారమే ఖాతాను రెండుగా విడదీసి, ఎవరి సగం వారి పేరున వేయండి. ఇలా సమానంగా విడదీయడం తప్పు కాదు, దాచడం కాదు. లెక్క ప్రకారం ఎవరిది వారికి ఇవ్వడమే. ఆయనకు నిర్ణయ సామర్థ్యం లేదు కనుక ఈ పని చేయడానికి చెల్లుబాటయ్యే లాస్టింగ్ పవర్ ఆఫ్ అటార్నీ (సామర్థ్యం పోయాక కూడా ఆయన తరఫున వ్యవహరించే అధికారపత్రం) ఉండాలి. అది ముందే రాసి రిజిస్టర్ చేయించకపోయి ఉంటే, సామర్థ్యం లేనివారి వ్యవహారాలు చూసే కోర్ట్ ఆఫ్ ప్రొటెక్షన్ ద్వారా డిప్యూటీగా (ఆయన తరఫు ప్రతినిధిగా) నియమింపజేసుకోవలసి వస్తుంది. దానికి నెలలు పడుతుంది, వెంటనే మొదలుపెట్టండి.

ఆదాయంలోనూ మనిషి ఒక్కరినే చూస్తారు. స్టేట్ పెన్షన్ మొత్తం లెక్కలోకి వస్తుంది. ఎన్‌హెచ్ఎస్ పెన్షన్ వంటి ఉద్యోగ పింఛనులో సగాన్ని ఇంట్లో ఉన్న భార్యకు నిజంగా పంపుతుంటే, ఆ సగాన్ని మినహాయించాలి. మాటవరుసకు కాదు, స్టాండింగ్ ఆర్డర్‌తో ఆమె ఖాతాకు వెళ్లినట్టు కనిపించాలి; సగానికి తక్కువ పంపితే మినహాయింపే లేదు. అయితే అమ్మగారికి పెన్షన్ క్రెడిట్ (తక్కువ ఆదాయం ఉన్న వృద్ధులకు ప్రభుత్వ సాయం) వచ్చే అవకాశం ఉంటే, ఈ సగం రావడం వల్ల అది తగ్గవచ్చు. నాన్నగారు శాశ్వతంగా హోమ్‌కు వెళ్లిన నాటి నుంచి పెన్షన్ క్రెడిట్‌కు ఆమెను ఒంటరి మనిషిగా చూస్తారు కనుక, రెండు లెక్కలూ వేయించుకుని నిర్ణయించుకోండి. ఆమె ఒక్కరే ఇంట్లో ఉన్నారు కాబట్టి కౌన్సిల్ ట్యాక్స్‌లో (ఇంటి మీద కౌన్సిల్ వేసే పన్నులో) 25 శాతం తగ్గింపు కూడా అడగండి.

మీరిచ్చిన అంకెలతో ఒకసారి వేసి చూపుతాను. స్టేట్ పెన్షన్ వారానికి 180, ఎన్‌హెచ్ఎస్ పెన్షన్ 260, అందులో సగం 130 అమ్మగారికి. మూలధనం సరిగ్గా 23,250 దగ్గర ఉందనుకుంటే ఊహా ఆదాయం 36. అంటే 180, 130, 36 కలిపి 346, అందులోంచి 2025-26 చేతిఖర్చు 30.65 తీసేస్తే నాన్నగారి వాటా వారానికి 315.35 పౌండ్లు. మిగిలింది కౌన్సిల్ భరిస్తుంది. మూలధనం కరుగుతున్న కొద్దీ ఆ 36 కూడా తగ్గుతూ వస్తుంది, కాబట్టి ప్రతి కొన్ని నెలలకూ తిరిగి లెక్క వేయమని అడగాలి. వారంతట వారు సంవత్సరానికి ఒకసారి తప్ప చూడరు.

కానీ ఈ లెక్క మీకు ఇప్పుడే వర్తించదు. కారణం హైదరాబాద్ ఫ్లాట్.

ఇండియాలో ఉన్న ఆస్తి కూడా ఆయన ఆస్తే. విదేశంలో ఉన్న మూలధనాన్ని ఇంగ్లండ్‌కు తెచ్చుకోగలిగే వీలుంటే, అక్కడి మార్కెట్ విలువను తీసుకుని, అమ్మకానికి ఖర్చులు అవుతాయనుకుంటే 10 శాతం తగ్గించి, ఆస్తి మీద అప్పుంటే అదీ తగ్గించి లెక్కలో వేస్తారు. ఆ దేశపు చట్టమే డబ్బు బయటికి పంపనివ్వకపోతే, అందుకు రుజువు చూపిన మీదట, ఆ పరిస్థితిలో కొనడానికి సిద్ధపడేవాడు ఇచ్చే ధరను మాత్రమే తీసుకుంటారు. ఇండియా డబ్బు బయటికి రాదు అని వాదిద్దామని మీ తమ్ముడు అన్నారట. ఆ వాదం నిలవదు. ప్రవాస భారతీయులూ, భారత సంతతి విదేశీ పౌరులూ ఎన్ఆర్ఓ ఖాతా (ఇండియా ఆదాయం జమయ్యే ప్రవాసుల బ్యాంకు ఖాతా) నుంచి ఆర్థిక సంవత్సరానికి పది లక్షల అమెరికా డాలర్ల వరకు, పన్ను చెల్లించి, చార్టర్డ్ అకౌంటెంట్ ధ్రువపత్రంతో బయటికి పంపుకోవచ్చు. కాలయాపన ఉంటుంది, కొనేవారు టీడీఎస్ ముందే మినహాయిస్తారు, కాగితాలు ఎక్కువ. కానీ నిషేధం లేదు.

కనుక ఫ్లాట్ విలువ నిజాయితీగా చూపండి, అయితే సరైన విలువ చూపండి. కాలనీలో ఎవరో చెప్పిన చదరపు గజం ధరను ఫారంలో రాసి తమ తండ్రి ఆస్తిని తామే పెంచిచూపిన కొడుకులను నేను చూశాను. సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలోని రిజిస్ట్రేషన్ విలువ బహిరంగ మార్కెట్ ధర కంటే తక్కువగా ఉంటుంది కనుక కౌన్సిల్ దాన్ని ఒప్పుకోకపోవచ్చు. రిజిస్టర్డ్ వాల్యుయర్ చేత నివేదిక రాయించి, ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు, అప్పులు చూపే పత్రం) తీయించి, అప్పుంటే బ్యాంకు పత్రం జతచేసి, ఆ రోజు మారకపు రేటుతో పౌండ్లలోకి మార్చి ఇవ్వండి. దాన్ని అద్దెకిచ్చి ఉంటే ఆ అద్దె కూడా చెప్పాలి. పక్కన పెట్టని ఆస్తిని మూలధనంగా లెక్కించినప్పుడు దాని అద్దెను వారపు ఆదాయంగా మళ్లీ వేయకూడదు. అది చేతికందాక మూలధనంలో కలుస్తుంది. ఇలా రెండుసార్లు లెక్కించిన మదింపులు నా కళ్లతో చూశాను.

పొలం వేరు. అది బాబాయిగారితో పంచుకోని ఉమ్మడి భూమి. స్థిరాస్తిలో ఉమ్మడి వాటాను, నగదులాగా మొత్తాన్ని భాగించి వాటా కట్టరు. ఆ పంచని వాటాను కొనడానికి నిజంగా ఎవరైనా ముందుకొస్తే ఎంత ఇస్తారన్నదే దాని విలువ. పట్టా బాబాయిగారి పేరున ఉండి, సాగు ఆయనే చేస్తుంటే, పంపకం దావా వేసుకోవలసిన వాటాను బయటివారు ఎవరూ పెద్దగా కొనరు. పైగా విదేశీ పౌరుడైన మీ నాన్నగారు వారసత్వంగా వచ్చిన వ్యవసాయ భూమిని ఉంచుకోవచ్చు గానీ, అమ్మితే భారతదేశంలో నివసించే భారత పౌరుడికే అమ్మాలి. ఈ పరిస్థితి అంతా వాల్యుయర్ నివేదికలో రాయించండి. అలా రాయించిన వాటాల విలువ చాలా తక్కువగా తేలుతుంది, కొన్నిసార్లు నామమాత్రంగా ఉంటుంది. అది తప్పించుకోవడం కాదు, నిబంధన చెప్పే విలువే.

మీరు అడగకపోయినా చెప్పవలసినవి రెండున్నాయి. నాన్నగారి పేరున ఎల్ఐసీ పాలసీలుంటే వాటి సరెండర్ విలువను లెక్కించరు. ఇంట్లోని బంగారం వంటి సొంత వస్తువులను కూడా, ఖర్చు తప్పించుకోవడానికి కొన్నవి కాకపోతే లెక్కించరు. అమ్మగారి నగలు ఆమెవి. వాటి ప్రస్తావనే ఫారంలో అవసరం లేదు. ఎన్ఆర్ఓ, ఎన్ఆర్ఈ డిపాజిట్లు మాత్రం చూపించి తీరాలి. దాచితే ఏమవుతుందంటే, ముఖ్యమైన విషయం చెప్పకపోవడం వల్ల కౌన్సిల్‌కు వచ్చిన నష్టాన్ని, కావాలని చేసినా పొరపాటున చేసినా, కేర్ చట్టం 69వ సెక్షన్ కింద బాకీగా వసూలు చేస్తారు. అందుకు ఆరేళ్ల గడువుంది.

ఇప్పుడు మనవడి పేరున రాసేయడం గురించి. దయచేసి ఈ పని చేయకండి. ఏడేళ్లు గడిస్తే అడగరు అని మీ తమ్ముడు విన్నది వారసత్వ పన్నుకు సంబంధించిన గడువు. కేర్ హోమ్ లెక్కకు అలాంటి గడువే లేదు. సంరక్షణ ఖర్చు తగ్గించుకోవడం ఆ దానానికి ముఖ్యమైన కారణాల్లో ఒకటా, దానం చేసిన నాటికి సంరక్షణ అవసరమవుతుందని ఆయనకు తెలుసా అన్న రెండు ప్రశ్నలు అడుగుతారు. పదిహేనేళ్ల కిందట ఆరోగ్యంగా ఉన్నప్పుడు మనవరాలి పెళ్లికి ఇచ్చింది వేరు. ఆసుపత్రి మంచం మీద ఉన్నప్పుడు రాసింది వేరు. రెండవదాన్ని ఇంకా ఆయన దగ్గరే ఉన్నట్టు ఊహించి లెక్క కడతారు. అంటే ఫ్లాట్ చేతిలో లేదు, ఖర్చు మాత్రం ఉంటుంది. అంతటితో ఆగదు: 70వ సెక్షన్ కింద ఆ తేడాను ఆస్తి పుచ్చుకున్న మనిషి నుంచి, అంటే మీ అబ్బాయి నుంచి, అతనికి అందిన విలువ మేరకు వసూలు చేయవచ్చు.

దీనికంటే గట్టి అడ్డంకి మరొకటి ఉంది. నాన్నగారికి నిర్ణయ సామర్థ్యం లేదని ఆసుపత్రి రికార్డులోనే ఉంది. అలాంటి స్థితిలో ఆయన వేలిముద్రతో తీసుకున్న దాన సెటిల్‌మెంట్ దస్తావేజు ఏ కోర్టులోనూ నిలవదు. మీ దగ్గర ఇంగ్లండ్ పవర్ ఆఫ్ అటార్నీ ఉన్నా, 2005 మెంటల్ కెపాసిటీ చట్టం ప్రకారం పండుగలకూ పుట్టినరోజులకూ ఇచ్చే మామూలు కానుకలు తప్ప పెద్ద దానాలు చేసే అధికారం మీకు లేదు. హైదరాబాద్‌లో పదేళ్ల కిందట రాసిన జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) ఉంది కదా అంటారేమో. భారత కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం, అధికారమిచ్చిన మనిషికి మతిస్థిమితం తప్పితే ఆ ఏజెన్సీ అక్కడితో ముగుస్తుంది. ఇంగ్లండ్ పద్ధతిలో సామర్థ్యం పోయాక కూడా నిలిచే పవర్ ఆఫ్ అటార్నీ అక్కడ లేదు. ఆ జీపీఏతో అమ్మినా, రాసినా కొన్నవారికీ మీకూ చిక్కే.

అందువల్ల ఫ్లాట్ అమ్మడానికి ఇండియాలో కోర్టు ద్వారా సంరక్షకుడిగా అనుమతి తెచ్చుకోవలసి రావచ్చు. అందుకు పట్టే కాలంలో హోమ్ ఖర్చు ఎవరు కట్టాలన్నది మీ అసలు సమస్య. ఇక్కడ కౌన్సిల్‌కు ఉత్తరం రాయండి. ఆస్తిని దాచడం లేదని, విలువ నివేదిక జత చేశామని, సామర్థ్యం లేనందువల్ల చట్టప్రకారం అనుమతి వచ్చేదాకా అమ్మలేమని, హోమ్ ఒప్పందం కౌన్సిలే చేసుకుని, తాను కట్టిన మొత్తాన్ని అమ్మకం తర్వాత తీసుకునేలా ఒప్పుకోమని కోరండి. లాయరు ఉత్తరం, కోర్టు దరఖాస్తు నకలు జత చేయండి. కౌన్సిల్ వెంటనే ఒప్పుకోకపోవచ్చు. కానీ సామర్థ్యం లేని మనిషిని డబ్బు చేతికందలేదని సంరక్షణ లేకుండా వదిలేయడానికి దానికి వీల్లేదు. ఈలోగా ఉమ్మడి ఖాతాలో ఆయన సగమైన 30,000లోంచి హోమ్‌కు కడుతూ ఉండండి. సొంత ఖర్చుతో ఉన్నంతకాలం అటెండెన్స్ అలవెన్స్ (సంరక్షణ అవసరమైన వృద్ధులకు ప్రభుత్వం ఇచ్చే భత్యం) ఆగదు, హెచ్చు రేటు వారానికి 110.40 పౌండ్లు (2025-26లో). కౌన్సిల్ డబ్బు మొదలైన 28 రోజులకు అది ఆగుతుంది. ఆసుపత్రిలో ఉండడం వల్ల ఇప్పుడు ఆగి ఉంటే, హోమ్‌లో చేరిన రోజునే ఫోన్ చేసి తిరిగి మొదలుపెట్టించండి.

డిఫర్డ్ పేమెంట్ అని, ఇంటి మీద తనఖా హక్కు పెట్టుకుని ఖర్చును తర్వాత వసూలు చేసుకునే పథకం ఒకటుంది. ఇంటిని మినహాయించినంత కాలం, ఇతర ఆస్తి 23,250 దాటినంత కాలం అది మీకు అవసరమూ లేదు, అర్హతా లేదు.

చివరి ప్రశ్నకు జవాబు స్పష్టం. పిల్లలు కట్టనవసరం లేదు. అమ్మగారు కూడా తన ఆదాయంలోంచి కట్టనవసరం లేదు. భార్యాభర్తలను బాధ్యులను చేసే పాత నిబంధన 2009లో పోయింది. ఇండియాలో 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం పిల్లల మీద పోషణ బాధ్యత పెడుతుంది గనుక ఇక్కడా అలాగే ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఇంగ్లండ్‌లో అటువంటి చట్టబాధ్యత లేదు. మీరు బాధ్యులయ్యేది సంతకం చేస్తేనే. హోమ్ ఇచ్చే ఒప్పందంలో హామీదారు అన్న చోట సంతకం పెట్టకండి. నాన్నగారి తరఫున సంతకం చేయవలసి వస్తే అటార్నీ హోదాలో అని స్పష్టంగా రాసి చేయండి.

టాప్-అప్ అని అడిగినప్పుడు మరింత జాగ్రత్త. కౌన్సిల్ ఇచ్చే మొత్తానికి ఆయన అవసరాలు తీరే హోమ్ కనీసం ఒకటైనా దొరికి తీరాలి; దానికంటే ఖరీదైనది మీ ఇష్టంతో ఎంచుకుంటేనే తేడాను మూడో మనిషి కడతాడు. తెలుగు మాట్లాడే సంరక్షకులు, శాకాహార భోజనం, స్నానం విషయంలో మగ సంరక్షకుడు కావాలన్న పట్టింపు, అమ్మగారు బస్సులో వెళ్లి చూసి రాగల దూరం అనేవి ఆయన విషయంలో విలాసాలు కావు. భాష పోయిన మనిషికి భాష తెలిసిన తోడు సంరక్షణలో భాగం. ఇవన్నీ అవసరాల మదింపు పత్రంలో అవసరాలుగా రాయించండి. అలా రాశాక, అవి తీర్చే హోమ్ ఒక్కటే ఉండి దాని ధర ఎక్కువైతే, ఆ ఎక్కువను కౌన్సిలే భరించాలి, మీ చేత కట్టించకూడదు. మదింపు పత్రంలో ఈ వాక్యాలు లేనందువల్ల ఏళ్ల తరబడి టాప్-అప్ కట్టిన పిల్లలను చూశాను. ప్రేమతో కట్టారు, కాదనను. కానీ అది వారు కట్టవలసిన డబ్బు కాదు.

మదింపు ఫలితం వచ్చినప్పుడు వారపు మొత్తం ఒక్కటే కాక, ఏ ఆదాయం ఎంత తీసుకున్నారు, ఏది మినహాయించారు, ఏ ఆస్తికి ఏ విలువ వేశారు అన్న పూర్తి వివరం లిఖితపూర్వకంగా ఇవ్వడం కౌన్సిల్ బాధ్యత. అది లేకుండా బిల్లు మాత్రమే పంపితే వివరం అడగండి. పింఛను సగం, ఇంటి మినహాయింపు, ఉమ్మడి పొలం విలువ, చేతిఖర్చు అన్న నాలుగు చోట్లా ముందు చూడండి. తప్పులు ఎక్కువగా అక్కడే జరుగుతాయి. తప్పు కనిపిస్తే మొదట కౌన్సిల్‌కు ఫిర్యాదు, అక్కడ తేలకపోతే కౌన్సిళ్ల మీద ఫిర్యాదులను స్వతంత్రంగా విచారించే లోకల్ గవర్నమెంట్ అండ్ సోషల్ కేర్ ఆంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు. విషయం మీకు తెలిసిన 12 నెలలలోపు ఆంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లాలి కనుక, ఈరోజు నుంచి వచ్చిన ప్రతి ఉత్తరం మీద అందిన తేదీ వేసి ఒక ఫైలులో పెట్టండి. ఎన్‌హెచ్ఎస్ కంటిన్యూయింగ్ హెల్త్‌కేర్ నిరాకరణ మీద అప్పీలుకు దారి వేరు. ఆ నిర్ణయం వస్తే ఇక్కడే రాయండి, దాని సంగతి విడిగా చెబుతాను.